అమ్మ ఎక్కగలిగే కారు

కనుమ నాడు కాకి కూడా కదలదంటారు. అందుకే ఈసారి సంక్రాంతికి వచ్చినప్పుడు ఆ రోజు ఎవరం గుమ్మం దాటలేదు. గారెలు తిని, గుంటూరు బ్రాడీపేటలో మా అక్క వాళ్ల హాల్లో చాప పరుచుకుని కూర్చున్నాం. అక్క కూతురు వచ్చి నా చేతిలో ఫోన్ పెట్టింది. "పిన్నీ, ఈ ఐదింట్లో ఏది తీసుకోమంటావు?" అని.

చూస్తే హైలాండర్, పైలట్, టెల్యూరైడ్, పాలిసేడ్, గ్రాండ్ హైలాండర్. అన్నీ మూడు వరసల ఎస్‌యూవీలే. మార్చిలో వాళ్లు డాలస్ వస్తున్నారు. అల్లుడికి కంపెనీలోనే అక్కడి ఆఫీసుకు బదిలీ అయింది. మూడేళ్ల బాబున్నాడు, అమ్మాయికి మళ్లీ నాలుగో నెల. కాన్పుకి అక్కా బావగారూ వస్తారు. వాళ్లు తిరిగొచ్చాక అల్లుడి అమ్మానాన్నలు బయల్దేరతారు.

నేను డాలస్ పక్కన ప్లేనోలో పద్నాలుగేళ్లుగా ఉంటున్నాను. కొత్తగా వచ్చే మనవాళ్లు అడిగే వాటిలో ఇల్లు ఎక్కడ తీసుకోవాలి అన్న దాని తర్వాత ఎక్కువగా వినిపించేది ఈ కారు ప్రశ్నే. ఆ మధ్యాహ్నం వాళ్లిద్దరికీ చెప్పిందే ఇక్కడ రాస్తున్నాను.

ఏ కంపెనీ అన్నది తర్వాత చూద్దాం, ముందు అక్కా బావగారూ విమానం దిగే రోజు ఎలా ఉంటుందో ఊహించుకోమన్నాను. మనిషికి 23 కిలోల పెట్టెలు రెండేసి, అంటే నాలుగు పెద్ద పెట్టెలు. పైన రెండు చేతి పెట్టెలు. కూతురి కాన్పుకి వెళ్లే గుంటూరు తల్లి వాటిలో ఒక్క అంగుళం ఖాళీ ఉంచదు. కారం, కొత్తావకాయ, గోంగూర, బాలింత పొడులు, పుట్టబోయే బిడ్డకు మెత్తటి పాత చీర ముక్కలు, అన్నీ వస్తాయి. ఆ పెట్టెలు, ఆ మనుషులు, మీ పిల్లాడి సీటు ఒకే కారులో పట్టాలి. ఆరు నెలల తర్వాత వాళ్లను తిరుగు విమానం ఎక్కించే రోజున చంటిబిడ్డ సీటు కూడా తోడవుతుంది. అప్పటికి ఆరుగురు.

ఫోటోల్లో ఏడుగురు కూర్చునే ఎస్‌యూవీ ఏనుగంత కనిపిస్తుంది. కానీ మూడో వరస సీట్లు లేపి ఉంచితే హైలాండర్‌లో వెనక మిగిలే చోటు 16 ఘనపుటడుగులు. పైలట్‌లో 18 పైచిలుకు. అందులో మన పెద్ద పెట్టెలు నాలుగు పట్టవు.

ఇది నాకు అనుభవం మీద తెలిసింది. మా అమ్మా నాన్నా మొదటిసారి వచ్చినప్పుడు మా దగ్గర ఉన్నది అలాంటి బండే. ఎంతో ఇష్టపడి కొన్నాం. మేమిద్దరం, ఇద్దరు పిల్లలు, వాళ్లిద్దరు. రెండో వరసలో పిల్లల సీట్లు బిగించి ఉన్నాయి కాబట్టి అమ్మ మూడో వరసలోకి వంగి వెళ్లాల్సి వచ్చింది. అక్కడ కూర్చుంటే ఆమె మోకాళ్లు ఛాతీ దగ్గరికి వచ్చాయి. పెట్టెల్లో రెండే పట్టాయి. మిగతా రెంటితో నాన్నను టాక్సీలో ఎక్కించాం. అమెరికా నేల మీద ఆయన మొదటి గంట, ముక్కూ మొహం తెలియని డ్రైవరు పక్కన గడిచింది. ఇంటికి వచ్చాక అమ్మ కారులోంచి వెంటనే దిగలేకపోయింది. "ఏం ఫర్వాలేదులే అమ్మా" అంది. రాత్రి పడుకోబోయే ముందు మోకాళ్లకు అమృతాంజనం రాసుకుంటుంటే చూశాను. ఆ ఆరు నెలల్లో గుడికి వెళ్దామన్నా, షాపుకి వెళ్దామన్నా "మీరు వెళ్లిరండి, నేను ఇంట్లో ఉంటాను" అనేది. మొదట్లో బడలిక అనుకున్నాను. ఆ కారు ఎక్కి దిగడానికి భయపడుతోందని అర్థం కావడానికి నాకు చాలా రోజులు పట్టింది.

అందుకని నా మాట మినీవ్యాన్. టొయోటా సియెన్నా గానీ హోండా ఒడిస్సీ గానీ.

అల్లుడి మొహంలో కళ తగ్గింది. "వ్యానా అత్తయ్య గారూ? స్కూలు పిల్లల బండిలా ఉంటుందేమో" అన్నాడు. తప్పేం లేదు, మా ఆయన కూడా మొదట అదే అన్నారు. కానీ ఇదే గుంటూరులో ఇన్నోవా వాకిట్లో ఉంటే ఎంత గౌరవంగా చూస్తాం! ఇంటిల్లిపాదినీ తిరుపతి తీసుకెళ్తుందనే కదా దానికి ఆ విలువ. అక్కడ ఆ పని చేసేది మినీవ్యానే. మూడో వరస లేపి ఉంచినా సియెన్నాలో వెనక 33 ఘనపుటడుగులకు పైగా ఉంటుంది, హైలాండర్‌కి రెట్టింపు. ఒడిస్సీకి వెనక నేల గుంటలా లోతుగా ఉంటుంది, పెట్టెలు నిలబెట్టి సర్దొచ్చు. తలుపులు పక్కకు జరుగుతాయి కాబట్టి ఇరుకు పార్కింగులో చంటిబిడ్డను ఎత్తుకుని ఒంటి చేత్తో నెగ్గుకు రావచ్చు. అన్నిటికన్నా ముఖ్యం, లోపలి నేల తక్కువ ఎత్తులో ఉంటుంది. మోకాళ్ల నొప్పులున్న మనిషి మెట్టెక్కినట్టు కాకుండా గడప దాటినట్టు లోపలికి వెళ్లిపోతుంది. సియెన్నా 2021 మోడల్ నుంచి హైబ్రిడ్‌గానే, అంటే పెట్రోలు ఇంజనుకు బ్యాటరీ మోటారు తోడుగా, వస్తోంది. గాలనుకు 36 మైళ్ల దాకా ఇస్తుంది, అంటే మన లెక్కలో లీటరుకు 15 కిలోమీటర్లు. ఒక్క సంగతి మాత్రం గుర్తుంచుకోండి. ఈ కొత్త సియెన్నాలో రెండో వరస సీట్లు ఊడదీసి పక్కన పెట్టడానికి వీలుండదు. ఒడిస్సీలో తీయొచ్చు.

ఎస్‌యూవీయే కావాలని మనసు గట్టిగా ఉంటే ఆ జాబితాలో నేను గ్రాండ్ హైలాండర్ దగ్గర ఆగుతాను. 2024 మోడల్‌గా వచ్చింది. మామూలు హైలాండర్ మూడో వరసలో కాళ్లకు దాదాపు 28 అంగుళాల చోటుంటే దీంట్లో 33 దాటుతుంది. ఆ ఐదు అంగుళాలే పెద్దవాళ్లకు కూర్చోవడానికీ ముడుచుకోవడానికీ ఉన్న తేడా. హైబ్రిడ్ దొరికితే హైబ్రిడే తీసుకోండి. ఏడాదికి 15,000 మైళ్లు తిరిగే ఇంట్లో గాలనుకు 21 మైళ్లిచ్చే బండికీ 36 ఇచ్చేదానికీ దాదాపు 300 గాలన్ల తేడా వస్తుంది. గాలను 3 డాలర్లనుకున్నా 900 డాలర్లు. హైబ్రిడ్ బ్యాటరీ గురించి భయపడేవాళ్లున్నారు. 2020 మోడల్ నుంచి టొయోటా ఆ బ్యాటరీకి పదేళ్లు లేదా 1,50,000 మైళ్ల వారంటీ ఇస్తోంది. ఏడబ్ల్యూడీ, అంటే నాలుగు చక్రాలకూ ఇంజను బలం అందే ఏర్పాటు అంటారా, డాలస్ వాతావరణానికి నేనైతే దానికి డబ్బు పెట్టను. చికాగో వైపు వెళ్లేవాళ్లయితే పెట్టండి, దాంతోపాటు మంచు టైర్లకు కూడా.

ఇక పిల్లల సీట్లు. ఇక్కడ ఉన్నట్టు ఒళ్లో కూర్చోబెట్టుకుని, కాస్త సర్దుకుని ఇంకొకర్ని ఎక్కించుకోవడం అక్కడ కుదరదు. టెక్సాస్‌లో ఎనిమిదేళ్ల లోపు పిల్లలు, 4 అడుగుల 9 అంగుళాల ఎత్తు దాటితే తప్ప, వాళ్ల సీటులోనే కూర్చోవాలి. పుట్టిన బిడ్డ సీటు వెనక్కి తిరిగి ఉంటుంది. అది బిగించాక దాని ముందున్న సీటును ముందుకు జరపాల్సి వస్తుంది, పొడుగ్గా ఉండే అల్లుడి కాళ్లు డాష్‌బోర్డుకు తగులుతాయేమో అప్పుడే తెలుస్తుంది. రెండో వరసలో బెంచీ సీటుంటే ఎనిమిది మంది, విడివిడిగా రెండు సీట్లుంటే ఏడుగురు పడతారు. ఒకళ్లు ఎక్కువ పడతారు కదా అని చాలామంది బెంచీ తీసుకుంటారు. కానీ దాని మీద రెండు పిల్లల సీట్లు బిగించాక మూడో వరసలోకి దారి మూసుకుపోయే బండ్లు చాలా ఉన్నాయి. విడి సీట్లయితే మధ్యలోంచి నడిచి వెళ్లొచ్చు. మీ ఇంటికి అవే మంచివి. కొనే ముందు పిల్లల సీట్లు రెండూ షోరూంకి పట్టుకెళ్లి బిగించి చూడండి, రెండు పెద్ద పెట్టెలు కూడా తీసుకెళ్లండి. సేల్స్‌మన్ విసుక్కుంటే విసుక్కోనివ్వండి, ఐదేళ్లు కట్టేది మీరు.

వెంటనే కొనాలా అంటే, వద్దు. మొదటి రెండు మూడు నెలలు చిన్న కారు అద్దెకు తీసుకోండి. అల్లుడికి ఇక్కడ బ్యాంకులో ఎంత మంచి పేరున్నా అక్కడ క్రెడిట్ చరిత్ర సున్నా నుంచి మొదలవుతుంది. చరిత్ర లేనివాళ్లకు వడ్డీ ఎక్కువ వేస్తారు. 30,000 డాలర్ల అప్పు 60 నెలలకు 5 శాతం మీద తీసుకుంటే నెలకు 566 డాలర్లు. 10 శాతమైతే 637. నెలకు 71 డాలర్లే కదా అనిపిస్తుంది గానీ మొత్తం వడ్డీ 4,000 దగ్గర నుంచి 8,200 దాటిపోతుంది. అప్పుడు డీలరు "84 నెలలు పెట్టుకోండి, 498కే వస్తుంది" అంటాడు. ఆ 498 చూసి సంతకం పెడితే కట్టే వడ్డీ 11,800 పైమాటే. అందుకే నెల వాయిదా గురించి డీలరుతో అసలు మాట్లాడొద్దు. పన్నులు, ఫీజులు అన్నీ కలిపి చివరికి ఎంత అని అడిగి కాగితం మీద రాయించుకోండి. టెక్సాస్‌లో కారు మీద అమ్మకపు పన్నే 6.25 శాతం. ముందే ఒక క్రెడిట్ యూనియన్‌లో, అంటే సభ్యుల సహకార బ్యాంకులో, అప్పు మంజూరు చేయించుకుని వెళ్తే డీలరు చెప్పే వడ్డీతో పోల్చుకోవచ్చు. బేరం అయిపోయాక ఇంకో గదిలో కూర్చోబెట్టి పెయింటు పూత, టైర్లలో నైట్రోజన్, అదనపు వారంటీ అంటూ ఒక్కొక్కటీ కలుపుతారు. అలసిపోయి తలూపేది అక్కడే. పిల్లాడు ఏడుస్తున్నా సరే, ప్రతి గీతా చదవండి.

వీసా మీద ఉన్నవాళ్లు ఇంకో సంగతి ఆలోచించాలి. ఇది మనకు మనమే చెప్పుకోవాలి, డీలరు చెప్పడు. ఉద్యోగం పోతే దేశంలో ఉండటానికి గరిష్ఠంగా దొరికేది 60 రోజులు. ఇల్లు ఖాళీ చేయడం, పిల్లాడి బడి, కారు అమ్మకం అన్నీ ఆ రెండు నెలల్లోనే. కారు విలువ కన్నా మిగిలిన అప్పు ఎక్కువగా ఉంటే, అమ్మినా ఎదురు డబ్బు కట్టాలి. మా వీధిలో ఒక కుటుంబం అలా సామానంతా అమ్ముకుని వెళ్లడం చూశాను, ఆ టెన్షన్ ఎవరికీ వద్దు. డౌన్ పేమెంట్ ఎంత ఎక్కువ కట్టగలిగితే అంత కట్టండి. త్వరగా అమ్ముడుపోయే బండే కొనండి. కొన్ని బ్యాంకులు వీసా గడువు దాటి అప్పు ఇవ్వవు. అలా తక్కువ కాలానికి ఇస్తే బాధపడొద్దు, నిజానికి అది మీకే మేలు.

ఈ లెక్కన రెండు మూడేళ్లు వాడిన బండి మంచిది. సెకండ్ హ్యాండ్ అంటే మొహం చిట్లించక్కర్లేదు. మా నాన్న అంబాసిడర్ కొనబోయే ముందు విజయవాడ ఆటోనగర్‌లో తనకు తెలిసిన మేస్త్రీ దగ్గరికి తీసుకెళ్లి, ఆయన కిందికి దూరి చూసి సరేనన్నాకే బయానా ఇచ్చారు. అక్కడా అదే పద్ధతి పాటించండి. అమ్మేవాడితో సంబంధం లేని మెకానిక్‌కి డబ్బిచ్చి చూపించండి. ప్రతి బండికీ విడిగా ఉండే 17 అక్షరాల విన్ నంబరుతో కార్‌ఫ్యాక్స్, అంటే ఆ బండి పాత చరిత్ర చెప్పే రిపోర్టు, తీయండి. టైటిల్, అంటే బండి యాజమాన్య పత్రం మీద సాల్వేజ్ (బాగా దెబ్బతిన్నది) అనో రీబిల్ట్ (అలా దెబ్బతిన్నాక బాగుచేసింది) అనో ఉంటే ఎంత చవకైనా వదిలేయండి. 2017లో హార్వీ తుఫానుకు హ్యూస్టన్‌లో లక్షల కార్లు మునిగాయి. అలా నీళ్లు తాగిన బండ్లు తుడుచుకుని మళ్లీ సంతకు వస్తుంటాయి. సీటు బెల్టు పూర్తిగా బయటికి లాగి చివర మట్టి మరకలున్నాయేమో చూడటం నాకు అలవాటు.

ఇన్సూరెన్స్ గురించి రెండే మాటలు. డాలస్‌లో వసంత కాలంలో నిమ్మకాయలంత వడగళ్లు పడతాయి, అలాంటి నష్టానికి పనికొచ్చే కాంప్రిహెన్సివ్ కవరేజీ తీసేయొద్దు. ఇన్సూరెన్స్ లేకుండా నడిపేవాళ్లు గుద్దితే పనికొచ్చే కవరేజీ కూడా తప్పకుండా పెట్టించుకోండి.

ఇంత చెప్పాక అమ్మాయి ఒక మంచి ప్రశ్న అడిగింది. "అమ్మావాళ్లు ఉండేది ఏడాదిలో ఆరు నెలలే కదా పిన్నీ?" అని. నిజమే. ఒక్క బిడ్డతో ఆగేవాళ్లకు, పెద్దవాళ్లు ఎప్పుడో ఒకసారి వచ్చేవాళ్లకు మూడు వరసలు అక్కర్లేదు. రెండు వరసల చిన్న ఎస్‌యూవీలు రావ్4 గానీ సీఆర్‌వీ గానీ చాలు. విమానాశ్రయానికి వెళ్లే రోజు, దూర ప్రయాణం పెట్టుకున్న వారం మినీవ్యాన్ అద్దెకు తెచ్చుకోవచ్చు. మీకు మాత్రం వచ్చే రెండేళ్లు ఎవరో ఒకరు ఇంట్లో ఉంటారు. ఒకరి తర్వాత ఒకరుగా నలుగురూ అరవై దాటినవాళ్లే.

మర్నాడు ముక్కనుమ. అందరం బావగారి ఇన్నోవాలో ఇంద్రకీలాద్రి బయల్దేరాం. వాకిట్లో అక్క ఒక చేత్తో తలుపు పైనున్న పిడి పట్టుకుని, రెండో చేయి మోకాలి మీద వేసుకుని, ఒక్క క్షణం ఆగి, ఊపిరి బిగబట్టి పైకెక్కింది. అమ్మాయి అక్కడే నిలబడి చూసింది. ఆ ఎక్కడం రోజూ చూస్తున్నదే అయినా, అప్పుడే మొదటిసారి చూసినట్టుంది. వంగి, నేల నుంచి కారు గడప దాకా జానతో కొలిచింది. రెండు జానలు దాటింది.

కాజ టోల్‌గేటు దగ్గర బండి ఆగినప్పుడు నా చెవి దగ్గరికి వచ్చి మెల్లగా అడిగింది. "పిన్నీ, నువ్వు వెళ్లాక షోరూంకి టేపు పట్టుకెళ్లి సియెన్నా గడప ఎత్తు కొలిచి పంపుతావా?"