బియ్యం సంచితో బజారు సంచి: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: ఇంట్లో బియ్యం సంచులు, రొయ్యల మేత సంచులు, ఎరువుల సంచులు పోగుపడ్డాయి. వేటితో చేతిసంచులు కుట్టుకోవచ్చు, వేటిని పక్కన పెట్టాలి?
– ఒక పాఠకురాలు, పాలకొల్లు

జవాబు: నేత చూస్తే మూడూ ఒకటేనండి. పాలీప్రొపిలీన్ అనే ప్లాస్టిక్‌ను సన్నని పట్టీలుగా చేసి, వాటిని పడుగు, పేకలుగా వేసి నేసిన గుడ్డ అది. తేడా అంతా అందులో ఇంతకుముందు ఏముందన్న దగ్గరే. బియ్యం, పంచదార, గోధుమపిండి, రవ్వ వచ్చిన సంచులు కూరగాయలకీ సరుకులకీ నిశ్చింతగా వాడుకోవచ్చు. ఎరువులు, పురుగుమందులు వచ్చినవి ఎన్నిసార్లు ఉతికినా తినే వస్తువులకు వద్దు. ఆ పొడి నేత సందుల్లోనూ కుట్టు మడతల్లోనూ దాగి ఉంటుంది. పురుగుమందు సంచిని అసలు కుట్టనే వద్దు. యూరియా సంచి అయితే కడిగి, పారలు, కొడవళ్లు పెట్టుకునేందుకు కుట్టుకోండి. మేత సంచుల సంగతి కింద విడిగా చెప్పాం.

రెండో పరీక్ష ఎండది. సంచి మడత మీద గోటితో గట్టిగా గీకండి. తెల్లటి పొడి రాలినా, పట్టీలు పీచులుగా విడిపోయినా ఆ సంచి పనికిరాదు. ఎండలోని అతినీలలోహిత కిరణాలు ఈ ప్లాస్టిక్‌ను పెళుసుగా చేస్తాయి. కళ్లంలో ధాన్యం మీద కప్పినవి, డాబా మీద వేసవంతా పడి ఉన్నవి చూడటానికి బాగానే ఉంటాయి. సూది దిగగానే ఆ వరసంతా చిరిగిపోతుంది. అలాంటి దాని మీద శ్రమ పెట్టకండి.

ప్రశ్న: 26 కిలోల బియ్యం సంచితో భుజానికి కాకుండా చేత్తో పట్టుకునే సంచి కుట్టాలి. కొలతలు, వరస వివరంగా చెప్పగలరా?
– ఒక పాఠకురాలు, రావులపాలెం

జవాబు: 2022 జులై 18 నుంచి 25 కిలోల వరకు ప్యాక్ చేసి లేబుల్ వేసిన బియ్యం మీద 5 శాతం జీఎస్టీ వచ్చాక ఈ 26 కిలోల సంచులు ఎక్కువయ్యాయి. పరిచి కొలిస్తే సుమారు 18 అంగుళాల వెడల్పు, 28 అంగుళాల పొడవు ఉంటుంది. మిల్లును బట్టి అంగుళం అటూ ఇటూ మారుతుంది కాబట్టి మీది కొలుచుకుని మొదలుపెట్టండి.

ముందు అడుగు కుట్టు విప్పాలి. అది గొలుసు కుట్టు, ఒక కొన నుంచి లాగితేనే జారుతుంది. రాకపోతే రెండో కొనలో దారం కత్తిరించి లాగండి. బలవంతంగా గుంజితే నేత చిరుగుతుంది. తర్వాత సంచిని తిరగేసి దులిపి, చల్లటి సబ్బునీళ్లతో తుడిచి నీడలో ఆరబెట్టండి. బొమ్మలేని ఒక పక్క అంచు వెంట కత్తిరిస్తే 36 అంగుళాల వెడల్పు పలక వస్తుంది. గొట్టంలా ఉన్నప్పుడే చేతిపట్టీలు కుట్టబోతే కాలి మిషను మీద చెయ్యి తిరగదు. అందుకే ముందు విప్పమంటున్నాం.

పొడవులో 20 అంగుళాలు తీసుకోండి. పైన రెండు అంగుళాలు మడతకూ, కింద మూడు అంగుళాలు అడుగుకూ పోతాయని గుర్తుంచుకుని బొమ్మను సరిచూసుకోండి. చాలా బియ్యం సంచుల మీద దేవుడి బొమ్మ ఉంటుంది. అది అడుగుకు వస్తే ఆ సంచిని నేల మీద పెట్టడానికి ఎవరికీ మనసొప్పదు. గుర్తులు లోపలి వైపు బాల్ పెన్నుతో పెట్టండి. నున్నటి వైపు సుద్దముక్క అంటదు.

పై అంచును ముందు అర అంగుళం, తర్వాత ఒకటిన్నర అంగుళాలు మడిచి, మడత కింది అంచు వెంట ఒక కుట్టు, పై అంచు వెంట ఒక కుట్టు వేయండి. ఇస్త్రీ పెట్టకండి, కరిగి ముడుచుకుపోతుంది. మడతను గరిటె వెనకభాగంతో రుద్దితే చక్కగా నిలుస్తుంది. గుండుసూదులు కూడా వద్దు. ఈ గుడ్డకు పడిన రంధ్రం పూడదు. బట్టల క్లిప్పులు చాలు.

పట్టీకి అంగుళంపావు వెడల్పున్న నైలాను నవారు మూడుంపావు మీటర్లు తీసుకుని 60 అంగుళాల చొప్పున రెండు ముక్కలు చేయండి. పలకలో ముందు సగానికి ఒకటి, వెనక సగానికి ఒకటి. కొనలు కరగబెట్టుకోండి. ఒక్కో సగం మధ్య గీతకు అటు మూడు అంగుళాలు, ఇటు మూడు అంగుళాల దూరంలో, అడుగు అంచు నుంచి పై మడత దాకా నవారును పరిచి రెండు అంచులూ కుట్టండి. మధ్యలో 24 అంగుళాలు చేతిపట్టుగా మిగులుతుంది. పై మడత మీదికి వచ్చిన చోట మాత్రం చదరం వేసి అందులో ఇంటూ గుర్తులా అడ్డంగా కుట్టాలి. పట్టీని పైన మాత్రమే నాలుగు కుట్లతో అతికించి వదిలేస్తే బరువంతా అక్కడే పడి గుడ్డ చిరుగుతుంది. అడుగుదాకా దింపితే బరువును నవారు మోస్తుంది.

ఇక లోపలి వైపు పైకి వచ్చేలా మడిచి పక్క అంచును అర అంగుళం లోపలికి కుట్టి, అడుగును కూడా అలాగే నవారు కొనలతో కలిపి కుట్టండి. పొరలు ఎక్కువైన చోట కాలు ఆపి చక్రాన్ని చేత్తో తిప్పండి. కోసిన అంచులు వదిలేస్తే నేతలోని ప్లాస్టిక్ పట్టీలు ఊడి వస్తాయి. పాత చీర అంచో, కాటన్ గుడ్డో రెండంగుళాల వెడల్పు ముక్కలుగా చేసి పైపింగులా తొడగండి. చివరగా అడుగు మూలలు. పక్క గీత అడుగు కుట్టు మీదికి వచ్చేలా మూలను త్రికోణంగా సర్ది, మొన నుంచి రెండున్నర అంగుళాల దగ్గర అడ్డంగా కుట్టండి. అక్కడ గీత పొడవు ఐదు అంగుళాలు వస్తుంది. ఆ త్రికోణాన్ని కోసేయకుండా అడుగుకు మడిచి పట్టించండి, మూల గట్టిపడుతుంది. తిరగేస్తే సుమారు పన్నెండున్నర అంగుళాల వెడల్పు, 15 అంగుళాల ఎత్తు, ఐదు అంగుళాల అడుగు ఉన్న సంచి. మిగిలిన ముక్కను రెండు పొరలుగా మడిచి అడుగున వేసుకోండి. 26 కిలోలు మోసిన గుడ్డే అయినా ఏడెనిమిది కిలోలకు మించి వేయకండి. కోసి కుట్టాక దాని బలం కుట్టు రంధ్రాల దగ్గర తగ్గిపోయి ఉంటుంది.

ప్రశ్న: కాలి మిషను మీద కుడుతుంటే కుట్లు వదిలేస్తోంది. పడిన చోట కూడా రెండు నెలలకే కుట్టు వెంబడి చిరిగింది. మిషను పాడైందా?
– ఒక పాఠకురాలు, తణుకు

జవాబు: మిషను తప్పు కాకపోవచ్చండి. చిరగడానికి కారణం చిన్న కుట్లు. జాకెట్టుకు వేసినట్టు వేస్తే రంధ్రాలు పక్కపక్కన పడి, తపాలా బిళ్లల మధ్య చిల్లుల్లా చింపడానికి దారి చేస్తాయి. కుట్టు పొడవు మూడున్నర, నాలుగు మిల్లీమీటర్లు ఉండాలి. మీట మీది అంకెను నమ్మకుండా తుక్కుముక్క మీద కుట్టి లెక్కపెట్టండి. అంగుళానికి ఆరో ఏడో కుట్లు రావాలి. మొదట్లో, చివర్లో వెనక్కీ ముందుకీ కుట్టడం మానేయండి. దారాలను లోపలికి లాగి మూడు ముళ్లు వేస్తే చాలు. తప్పు కుట్టు పడితే విప్పి అదే గీత మీద మళ్లీ కుట్టకండి. పాత రంధ్రాలకు పావు అంగుళం పక్కకు జరగండి.

కుట్లు వదలడానికి కారణం వేరు. సూది పైకి వచ్చేటప్పుడు ప్లాస్టిక్ దాన్ని పట్టుకుని తానూ పైకి లేస్తుంది. గుడ్డ లేస్తే దారం ఉచ్చు సరిగా పడదు, షటిల్ కొక్కెం దాన్ని అందుకోలేదు. కొత్త సూది వేయండి. రెండు పొరలకు 16 నంబరు, నవారు దగ్గర 18 నంబరు. గుడ్డను నొక్కిపట్టే మిషను పాదం ఒత్తిడి మర పావు చుట్టు బిగించండి. దారం పాలిస్టరుదే వాడండి. నూలు దారం తడికి మగ్గి ముందు తెగుతుంది. మెరిసే పూత ఉన్న సంచులకు పాదం అతుక్కుని గుడ్డ కదలకపోతే, పాదం కిందివైపు సెలోటేపు చిన్న ముక్క అంటించి సూది దిగే చోట కోసేయండి, లేదా గుడ్డ మీద పలుచని కాగితం పెట్టి కుట్టి తర్వాత చింపేయండి. మోటారు పెట్టిన మిషనైతే నెమ్మదిగా నడపండి. వేగానికి సూది వేడెక్కి ప్లాస్టిక్ కరిగి దాని కంటిలో అంటుకుంటుంది. దారం పదేపదే తెగుతుంటే ముందు అది చూడండి.

ప్రశ్న: రొయ్యల మేత సంచులు గట్టిగా ఉన్నాయి కానీ వాసన పోవడం లేదు. ఏం చేయాలి?
– ఒక పాఠకుడు, భీమవరం

జవాబు: మేతలో చేపల పొడి, చేప నూనె ఉంటాయి. ఆ నూనె గాలికి, ఎండకు పాడయ్యేకొద్దీ వాసన ఇంకా ముదురుతుంది. అందుకే ఎండలో వేస్తే పోతుందనుకోవడం పొరపాటు. లోపల పలుచని ప్లాస్టిక్ కవరు ఉంటే ముందు దాన్ని తీసేయండి. సగం వాసన అందులోనే ఉంటుంది. సంచిని తిరగేసి పొడిగా దులిపి, బకెట్ నీళ్లలో బట్టల సబ్బుపొడితో పాటు గుప్పెడు బట్టల సోడా కలిపి రాత్రంతా నాననివ్వండి. పొద్దున కుట్టు మడతలు విప్పి బ్రష్షుతో రుద్ది, రెండు మూడు నీళ్లలో జాడించి, నీడలో గాలి తగిలేలా తిరగేసి ఆరేయండి. సోడా చేతులకు మంట పెడుతుంది, తొడుగులు వేసుకోండి. వాసన మిగిలితే ఇంకోసారి అదే చేయండి, వేడినీళ్లు మాత్రం వద్దు. కొన్నిసార్లు మేతలో మందులు కలిపి పెడతారు, అందుకని వాసన పోయినా కూరగాయలకు వద్దు. చెప్పులకు, నర్సరీ మొక్కలకు, పనిముట్లకు బాగా పనికొస్తాయి.

ప్రశ్న: పాల కవర్లు, చిప్సు ప్యాకెట్లతో కూడా కుట్టవచ్చా?
– ఒక పాఠకురాలు, అమలాపురం

జవాబు: వాటిని ఒంటరిగా కుట్టలేరు. చిప్సు ప్యాకెట్టుకు ఒక చోట గాటు పడితే చివరిదాకా చిరుగుతుంది. పాల కవరు సాగుతుంది, పట్టీ బరువుకు నిలవదు. లోపల గట్టి కాటన్ గుడ్డ వేసి, పైన పరచి, అడ్డంగా నిలువుగా రెండంగుళాల దూరంలో కుడితే చిన్న పర్సులకు పనికొస్తాయి. పాల కవర్లను చీల్చి, సబ్బుతో కడిగి పూర్తిగా ఆరనివ్వండి. మూలల్లో కొంచెం పాలు మిగిలినా పులిసి వాసన వేస్తుంది.

ప్రశ్న: ధాన్యం గోతాలతో కుడితే ఇంకా మంచిది కదా?
– ఒక పాఠకుడు, మండపేట

జవాబు: చూపుకు అందంగానే ఉంటుంది, కానీ మన వానలకు జనపనార తడి పీల్చుకుని బూజు పడుతుంది. ఒకసారి తడిస్తే పూర్తిగా ఆరాకే మడవాలి. పాత గోతాలకు కిరోసిన్ లాంటి వాసన ఉంటే అది జనపనార వడికేటప్పుడు వాడిన ఖనిజ నూనెది. అలాంటి వాటికి లోపల కాటన్ అస్తరు వేయండి. పీచు ఎక్కువ రాలుతుంది కాబట్టి కుట్టిన ప్రతిసారీ బాబిన్ గది తెరిచి బ్రష్షుతో దులపండి. అంచులను మాత్రం కరగబెట్టబోకండి. జనపనార కరగదు, అంటుకుంటుంది.