సున్నకి నాలుగు పాయింట్లు చాలు

ప్రశ్న: మా నాన్నగారు నరసాపురం రేవులో పడవలకు పేర్లు, ఊళ్లో కొట్లకు బోర్డులు రాసేవారు. ఆయన కాగితం మీద కుంచెతో రాసి ఉంచిన అక్షరాలను ఫాంటు చేద్దామని స్కాన్ చేసి, ఫాంట్లు తయారుచేసే ఫాంట్‌ఫోర్జ్ సాఫ్ట్‌వేర్‌లో ఆటోట్రేస్ (బొమ్మ అంచుల వెంబడి దానంతటదే గీత గీసేది) కొట్టాను. ఒక్క ‘ర’కే, గీతను పట్టి ఉంచే పాయింట్లు అరవై పైచిలుకు వచ్చాయి. పెద్ద సైజులో అంచులన్నీ గతుకులే. ఎలా సరిచెయ్యాలి?
– ఓ పాఠకుడు, పాలకొల్లు

జవాబు: సరిచెయ్యకండి, ఆటోట్రేస్ గీసిన గీత తీసేయండి. కుంచె వంపుకీ, కాగితం రంగు పీల్చిన మరకకీ ఆటోట్రేస్‌కి తేడా తెలీదు. స్కాన్‌ను వెనక లేయర్‌లో ఉంచి చేత్తో గీస్తేనే పని తొందరగా తెములుతుంది.

ముందు సున్న పట్టుకోండి. బయటి గీతకు నాలుగే పాయింట్లు: వంపు బాగా పైకి, కిందికి, ఎడమకి, కుడికి వెళ్లి మళ్లే చోట్ల. పైదానికీ కిందిదానికీ హ్యాండిళ్లు (పాయింటు నుంచి సాగి వంపును తిప్పే పుల్లలు) అడ్డంగా, పక్కవాటికి నిలువుగా ఉండాలి. వ్యాసార్థం 200 యూనిట్లయితే హ్యాండిల్ పొడవు దాదాపు 110. బాగా తగ్గితే సున్న కోసుదేలుతుంది, పెరిగితే పలకబారుతుంది. లోపలి గీతకూ నాలుగే, కాకపోతే అది ఎదురు దిశలో తిరగాలి. లేదంటే మధ్య ఖాళీ పూడిపోయి నల్లముద్ద మిగులుతుంది. ఎలిమెంట్ మెనూలో కరెక్ట్ డైరెక్షన్ నొక్కితే సర్దుకుంటుంది.

‘ర’ గుండ్రానికీ ఇదే లెక్క. తలకట్టులో కుంచె ఆనిన చోట, ఎత్తేసిన చోట కార్నర్ పాయింట్లు (గీత మూల తిరిగేవి) పెట్టండి. కొమ్ము వంపు ఇటునుంచి అటు తిరిగితే అక్కడొకటి. ఇంకోటి పెట్టాలనిపిస్తే ముందు ఉన్న హ్యాండిల్ లాగి చూడండి, చాలాసార్లు అక్కర్లేదు. ఎదురెదురు హ్యాండిళ్లు ఒకదాన్నొకటి దాటనివ్వకండి, గీత మెలిక పడుతుంది.

వంపు మళ్లే కొసల్లో పాయింట్లు తనే పెట్టే ‘యాడ్ ఎక్స్‌ట్రీమా’ను గీత నున్నగా వచ్చాకే వాడాలి. గతుకుల మీద కొడితే ప్రతి గతుక్కీ ఇంకో పాయింటు తగులుకుంటుంది. చివర్లో ‘రౌండ్ టు ఇంట్’ (పాయింట్ల స్థానాలను పూర్ణసంఖ్యలకు సర్దేది) చేసి, పొట్టి హ్యాండిళ్లున్న చోట నొక్కు పడిందేమో పెద్దది చేసి చూసుకోండి.

ఒక్క మాట: నున్నగా చేసే ఊపులో నాన్నగారి చేతిరాత తీరు చెరిపెయ్యకండి. ఒకే తలకట్టు గీసి అన్ని అక్షరాలకూ అతికిస్తే పని తేలికే గానీ, బోర్డు రాత అచ్చు రాతలా కనిపిస్తుంది. రెండు మూడు రకాలు గీసి మార్చి మార్చి వాడండి.

ప్రశ్న: గీసినప్పుడు పాయింట్లు తక్కువే. టీటీఎఫ్ (కంప్యూటర్లో వాడుకునే ఫాంటు ఫైలు) చేశాక పెరిగాయి. పాడైనట్టా?
– ఓ పాఠకురాలు, అమలాపురం

జవాబు: కాదండీ. టీటీఎఫ్‌లో వంపుల లెక్క వేరు, అదే ఆకారానికి ఎక్కువ పాయింట్లు పడతాయి. దిద్దుబాట్లు మాత్రం మీ ఎస్ఎఫ్‌డీ ఫైల్లోనే (ఫాంట్‌ఫోర్జ్‌లో మీరు గీసి దాచుకునే ఫైలు) చేసి, మళ్లీ టీటీఎఫ్ తీసుకోండి.