వెనక సీటులో కూర్చున్న కారు

తార్నాక, హైదరాబాద్

చిరంజీవి కిరణ్‌కి మామయ్య ఆశీస్సులు.

సెకండ్‌హ్యాండ్‌లో మోటర్‌హోమ్, అదే ఇల్లులాంటి బస్సు, కొన్నావనీ, దాని వెనక కారు తగిలించుకుని డాలస్ నుంచి కొలరాడో బయల్దేరుతున్నావనీ అక్క నిన్న ఫోన్‌లో చెప్పింది. "వాడికి కాస్త గట్టిగా చెప్పరా" అని కూడా అంది. మేనల్లుడికి గట్టిగా చెప్పడం నాకు చేతకాదు. మీ అత్తా నేనూ అక్కడున్నప్పుడు ఆరేళ్లు ఇలాగే తిరిగాం కాబట్టి తెలిసింది రాస్తున్నాను.

ఇంజనీరింగ్ రోజుల్లో ఇబ్రహీంపట్నం బస్సులో ఆఖరి సీటు కోసం పరిగెత్తేవాడివి గుర్తుందా? స్పీడ్ బ్రేకర్ వస్తే డ్రైవర్‌కి చిన్న కుదుపు, మీకేమో తల టాపుకి తగిలేది. ఆ సీటు వెనక చక్రాలు దాటి బయటికి వేలాడుతూ ఉంటుంది మరి. మలుపులోనూ అంతే, బస్సు ఎడమకి తిరిగితే తోక కుడికి విసురుతుంది. నీ మోటర్‌హోమ్‌కి హిచ్, అంటే వెనక బండిని తగిలించే కొక్కెం, ఉండేది సరిగ్గా ఆ ఆఖరి సీటు దగ్గరే. 31 అడుగుల బండిలో వెనక ఇరుసు తర్వాత సుమారు పది అడుగులు ఉంటుంది. అంత దూరాన బరువు వేలాడదీస్తే ముందు చక్రాలు తేలికైపోతాయి, స్టీరింగ్ పట్టు తగ్గినట్టు ఉంటుంది. అక్కడ జరిగేది ముందు కూర్చున్న నీకు ఆలస్యంగా తెలుస్తుంది. నా భయమంతా ఈ ఆలస్యం గురించే.

అసలు నీ కారు సంగతి ముందు చూడాలి. 2019 హోండా సీఆర్‌వీ అంది అక్క. మాది 2012 సీఆర్‌వీ. టో బార్ అనే లాగే కడ్డీ తగిలించి నాలుగు చక్రాలూ రోడ్డు మీదే దొర్లిస్తూ లాక్కెళ్లేవాళ్లం. 2014 మోడల్ దాకా హోండా వాళ్ల మాన్యువల్ అందుకు ఒప్పుకునేది. 2015లో సీవీటీ అనే వేరే రకం ఆటోమేటిక్ గేర్‌బాక్స్ వచ్చాక ఒప్పుకోలేదు. ఇంజిన్ ఆగి ఉంటే లోపల ఆయిల్ తిరగదు, చక్రాలు మాత్రం తిరుగుతూనే ఉంటాయి, గేర్‌బాక్స్ కాలిపోతుంది. "ఏం కాదు బ్రదర్, న్యూట్రల్‌లో పెట్టి లాగేయ్" అనే స్నేహితులు నీకూ ఉంటారు. వాళ్ల మాట వినకు. నువ్వు ట్రైలర్ మీదికి ఎక్కించుకోవాల్సిందే.

ట్రైలర్ అంటే మళ్లీ ఇంకో లెక్క. తాతయ్య ఎడ్లబండికి గడ్డి ఎత్తేటప్పుడు నువ్వు చిన్నవాడివి, చూశావో లేదో. బరువు వెనక్కి ఎక్కువైతే కాడి పైకి లేచి ఎడ్ల మెడలకి పట్టేస్తుంది. మరీ ముందుకైతే వాటి మెడలు వంగిపోతాయి. ట్రైలర్ కూడా అచ్చం అంతే. మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం హిచ్ మీద పడాలి. అంతకన్నా తగ్గితే తోక ఊగుతుంది, పెరిగితే ఇందాక చెప్పినట్టు నీ ముందు చక్రాలు తేలిపోతాయి. కారుని ఇంజిన్ వైపు ముందుకి వచ్చేలా ఎక్కించి, అంగుళం అంగుళం జరుపుతూ చూసుకో. వెనక్కి తిప్పి ఎక్కిస్తే దించడం సులువే, కానీ బరువంతా ట్రైలర్ వెనక భాగానికి పోతుంది.

నీ బండి ఫోర్డ్ ఈ-450 ట్రక్కు ఛాసీ మీద కట్టింది అన్నావట. సామానూ మనుషులతో సహా దాని బరువు పరిమితి 14,500 పౌండ్లు, బండీ వెనక లాగేదీ కలిపి 22,000. అంటే వెనక 7,500 లాగొచ్చు అనుకుంటావు. కిందికి వంగి హిచ్ మీద స్టిక్కర్ చదువు. చాలా బండ్లకి 5,000 అనే ఉంటుంది. ఆ రెంటిలో ఏది తక్కువైతే నీ లెక్క అదే. కారూ ట్రైలరూ కలిపితే 5,000 దాటిపోయే ప్రమాదం ఉంది. అందుకే ఊహల మీద వెళ్లొద్దు. నీళ్లు, పెట్రోలు, మనుషులు, మా అక్క కట్టిచ్చే పచ్చళ్ల జాడీలు అన్నీ ఎక్కించాక ట్రక్ స్టాప్‌లో వేబ్రిడ్జి ఎక్కించి, ఏ ఇరుసు మీద ఎంతుందో చీటీ తీసుకో.

బ్రేకుల దగ్గర మాత్రం పిసినారితనం వద్దు. మన ఊళ్లో కారు చెడిపోతే తాడు కట్టి లాగుతారు కదా, అప్పుడు వెనక కారులో ఒకడు కూర్చుని బ్రేక్ వేస్తాడు. లేకపోతే ముందు కారుని గుద్దేస్తుంది. నీ వెనక కారులో ఎవరూ ఉండరు. మోటర్‌హోమ్ బ్రేకులు మోటర్‌హోమ్‌ని ఆపడానికే చేశారు. అందుకని ట్రైలర్‌కి విడిగా బ్రేకులు ఉండాలి, వీలైతే నీ చేతి దగ్గర కంట్రోలర్ ఉన్నవే తీసుకో. హిచ్ ఊడిపోతే ట్రైలర్ తనంతట తానే ఆగేలా బ్రేక్‌అవే కేబుల్ తగిలించు. సేఫ్టీ చెయిన్లు కింద అడ్డంగా ఒకదాని మీద ఒకటి దాటేలా వెయ్యి.

టెక్సాస్ ఉత్తరాన అమరిల్లో వైపు పక్కగాలి గట్టిగా ఉంటుంది. పెద్ద ట్రక్కు దాటేటప్పుడు ముందు నిన్ను పక్కకి నెడుతుంది, తర్వాత తన వైపు లాక్కుంటుంది. ఆ క్షణంలో స్టీరింగ్ ఎక్కువ తిప్పావా, తోక ఊగడం మొదలవుతుంది. మొదలైతే యాక్సిలరేటర్ వదిలెయ్, స్టీరింగ్ తిన్నగా పట్టుకో, చేతి లివర్‌తో ట్రైలర్ బ్రేక్ ఒక్కటే నెమ్మదిగా వెయ్యి. కంగారులో మోటర్‌హోమ్ బ్రేక్ తొక్కితే ముందు బండి నెమ్మదిస్తుంది, వెనకది తోసుకొస్తుంది. కాలిఫోర్నియాలో వెనక బండి లాగేవాళ్లకి పరిమితి గంటకి 55 మైళ్లే. నేను ఏ రాష్ట్రంలోనైనా దాన్నే పాటించేవాణ్ణి, వెనకవాళ్లు హారన్ కొట్టినా సరే. 55 నుంచి 65కి పెరిగితే బ్రేకులు మింగాల్సిన శక్తి దాదాపు 40 శాతం పెరుగుతుంది.

డెన్వర్ దాటి ఐ-70 హైవే మీద వెళ్తే ఐసెన్‌హవర్ టన్నెల్ వస్తుంది, 11,000 అడుగుల పైన. అక్కణ్ణుంచి దిగడమంటే మైళ్ల కొద్దీ వాలు. దిగడం మొదలవకముందే చిన్న గేర్‌కి మార్చు, బరువు లాగేటప్పుడు వాడే టో-హాల్ అనే గేర్ మోడ్ పెట్టు. బ్రేక్ మీద కాలు ఆనించి ఉంచొద్దు. ఒకసారి గట్టిగా తొక్కు, వేగం తగ్గాక వదిలెయ్.

ఇప్పుడు నా ఘనకార్యం. ఒక పొద్దున క్యాంప్ నుంచి బయల్దేరాం. సీఆర్‌వీకి పార్కింగ్ బ్రేక్ వేసి ఉంది, తీయడం మర్చిపోయాను. బండి కాస్త బరువుగా లాగుతోంది అనిపించింది, ఎదురుగాలి అనుకున్నాను. కొన్ని మైళ్ల తర్వాత ఒక ట్రక్కువాడు లైట్లు కొడుతూ వెనక్కి చూడమని చెయ్యి ఊపాడు. ఆగి చూస్తే వెనక టైర్లు పొగలు కక్కుతున్నాయి. మీ అత్త ఆ వాసన గురించి ఇప్పటికీ ఎత్తుతుంది. అప్పటినుంచి బయల్దేరాక మొదటి మైలులోనే ఒకసారి ఆగి, చుట్టూ తిరిగి, ప్రతి చక్రం దగ్గరా చెయ్యి పెట్టి వేడి చూసేవాణ్ణి. నువ్వు వెనక ఒక కెమెరా పెట్టించుకో.

ట్రైలర్‌తో రివర్స్ చేయడం ఖాళీ పార్కింగ్‌లో ఒక ఆదివారం నేర్చుకో. ఆ ఉన్న పది అడుగుల తోక వల్ల స్టీరింగ్ కొంచెం తిప్పినా ట్రైలర్ గబుక్కున మడతపడుతుంది. పెట్రోల్ బంకుల్లో తిన్నగా బయటికి పోయే దారి ఉంటేనే లోపలికి వెళ్లు.

హిచ్ స్టిక్కర్‌ని ఫోటో తీసి, వేబ్రిడ్జి చీటీతో కలిపి నాకు వాట్సాప్‌లో పంపు. అవి చూసేదాకా బయల్దేరొద్దు. అక్కకి కూడా అదే చెప్పాను.

మీ మామయ్య