చర్చి ఇల్లు వదిలాక

ప్రశ్న: మా ఆయన పరకాల వైపు ఒక సంఘంలో తొమ్మిదేళ్లు పాస్టర్‌గా చేశారు. చర్చి స్లాబుకు వసూలైన డబ్బు లెక్క చూపించమని కమిటీలో అడిగారు. అంతే, ఆ డబ్బు ఆయనే తిన్నాడని ఊరంతా చెప్పారు. క్రిస్మస్ అయిన వారానికే ఇల్లు ఖాళీ చేయమన్నారు. ఇప్పుడు హనుమకొండలో రెండు గదుల్లో అద్దెకుంటున్నాం. ఆయన పొద్దెక్కేదాకా మంచం దిగరు. ఏడో తరగతి చదివే పాప చర్చికి రానంటోంది. బంధువులేమో అన్నీ క్షమించేసి వేరే సంఘం చూసుకోమంటున్నారు. నాకు ప్రార్థన కూడా రావడం లేదు. మేం ఎలా తేరుకోవాలి?
– ఒక పాస్టరమ్మ, హనుమకొండ

జవాబు: చెల్లెమ్మా, మీ ఉత్తరం చదువుతుంటే మా అమ్మ గుర్తొచ్చింది. నేనూ పాస్టర్ బిడ్డనే. నాకు పదకొండేళ్లప్పుడు మమ్మల్నీ ఇలాగే పంపించేశారు. సామాను లారీకి ఎత్తుతుంటే, మా ఇంట్లో ఎన్నోసార్లు అన్నం తిన్న పెద్దాయనొకాయన వాకిట్లో నిలబడి ఫ్యాన్లు లెక్కపెట్టాడు. మూడు. మూడూ చర్చివే. ఆ తర్వాత చాలా ఏళ్లు గేటు గొళ్లెం చప్పుడైతే చాలు, అమ్మ కొంగు సర్దుకుని స్టవ్ మీద టీ నీళ్లు పెట్టేసేది. వచ్చింది పాలవాడైనా సరే.

వేరే ఉద్యోగం పోతే జీతం పోతుంది. ఇక్కడ జీతం, ఇల్లు, పిల్ల బడి, ఇరుగుపొరుగు, ఆదివారం కూర్చునే చోటు అన్నీ ఒకే రోజు పోతాయి. కష్టమొస్తే ఎవరి దగ్గర ఏడుస్తామో, పొమ్మన్నదీ వాళ్లే. ప్రార్థన రావడం లేదంటే మీకు విశ్వాసం తగ్గిందని నేననుకోను. అలసిపోయారు. బైబిల్లో ఏలీయా ప్రవక్త బదరీ చెట్టు కింద పడుకుని ఇక చాలు, ప్రాణం తీసుకోమన్నప్పుడు దూత వచ్చి ప్రసంగం చేయలేదు. రొట్టె, నీళ్లు పెట్టాడు. ఆయన తిని, తాగి మళ్లీ పడుకున్నాడు. ఇది మీ ఆయన ఎంతమందికి చెప్పి ఉంటారో!

ఆయన సంగతి మాత్రం తేలిగ్గా తీసుకోవద్దు. రెండు వారాలు దాటినా నిద్ర, తిండి దారికి రాకపోతే, దేనిమీదా మనసు నిలవకపోతే అది డిప్రెషన్ కావచ్చు. ప్రార్థన మానమని చెప్పను, ఆయన చేత ఇప్పుడు ఉపవాసాలు మాత్రం చేయించకండి. వరంగల్ ఎంజీఎం ఆసుపత్రిలో మానసిక వైద్యుల దగ్గరికి తీసుకెళ్లండి. రానంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు మీరే ఫోన్ చేయండి. ఖర్చు లేదు, అర్ధరాత్రయినా పలుకుతారు, తెలుగులోనే మాట్లాడొచ్చు. చచ్చిపోవాలన్న మాట ఒక్కసారి నోట వచ్చినా ఒంటరిగా వదలకండి, ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లండి.

పాపను బలవంతపెట్టొద్దు. నన్ను నాన్న చెయ్యి పట్టి లాక్కెళ్లేవాడు. పాటల పుస్తకం తలకిందులుగా పట్టుకుని కూర్చునేదాన్ని, ఎవరైనా చూస్తారేమోనని. ఎవరూ చూడలేదు. ముగ్గురూ ఒకరోజు వరంగల్ స్టేషన్‌లో రైలెక్కి డోర్నకల్ వెళ్లి రండి. అజరయ్య బిషప్ కట్టించిన పెద్ద చర్చి ఉందక్కడ, 1939లో ప్రతిష్ఠించారు. గుడి స్తంభాలూ మసీదు గుమ్మటాలూ ఒకచోట చేరినట్టుంటుంది. ఆదివారం కాకుండా వెళ్లండి. అక్కడ మిమ్మల్ని ‘అమ్మగారూ’ అనేవాళ్లుండరు, పాప గౌను ఎవరు కొనిచ్చారని అడిగేవాళ్లూ ఉండరు. లోపలికి రానంటే బయటే కూర్చోనివ్వండి.

బంధువుల తొందర నాకు నచ్చలేదు. క్షమించడం వేరు, లెక్క మాట ఎత్తకపోవడం వేరు. రసీదులు, కమిటీ మినిట్స్ జిరాక్సులు ఏమున్నా ఒక కవరులో దాచండి. సంఘానికి పైన పెద్దలుంటే వాళ్లకు, లేకపోతే ఆ కమిటీకే, జరిగింది జరిగినట్టు ఒక్క ఉత్తరం రాసి స్పీడ్ పోస్టులో పంపండి. వాట్సాప్ గ్రూపులో మాత్రం ఒక్క ముక్క పెట్టొద్దు. మా నాన్న ‘దేవుడే చూసుకుంటాడు’ అని ఏమీ రాయలేదు. ఆ ఊళ్లో ఇప్పటికీ ఆయన్ని దొంగ అనుకునేవాళ్లున్నారు.

కొత్త సంఘానికి కనీసం ఆరు నెలలు ఆగమంటాను. ఇల్లు గడవాలి కాబట్టి ఏదో ఒక పని దొరకాలి, నిజమే. మా నాన్న ఆ ఏడాదంతా ఒక సిమెంటు కొట్లో లెక్కలు రాశాడు. డబ్బు తిన్నాడన్న మనిషికే గల్లా పెట్టె తాళాలు అప్పజెప్పాడు ఆ సేటు. మీ ఆయనకు మళ్లీ పిలుపొచ్చి, ఇల్లు కూడా ఇస్తామంటే వద్దనండి. అద్దె డబ్బు చేతికివ్వమని అడగండి. అగ్రిమెంటు మీ పేరు మీద రాయించుకోండి.