ఇంగ్లండ్ వెళ్తున్నారా? ముందు నూనె సంగతి వినండి

సంక్రాంతికి అంబాజీపేట వచ్చి వారమైంది. ఈలోపే మా అరుగు మీద కూర్చుని సందేహాలు అడిగినవాళ్ళు నలుగురు. వీసా, అద్దె, ఉద్యోగం అన్నీ అయ్యాక, కాఫీ గ్లాసు కింద పెడుతూ అందరూ అడిగేది ఒకటే: "అక్కడ చెత్తకి కూడా రూల్స్ ఉంటాయటగా అక్కా?"

ఉంటాయి. పంతొమ్మిదేళ్ళ కిందట నాకెవరూ చెప్పలేదు. వెళ్ళిన మొదటి సంక్రాంతికి సగం నెయ్యి, సగం నూనె పోసి అరిసెలు వండాను. మిగిలిన జిడ్డంతా వేడినీళ్ళతో సింకులో పోసేశాను. జనవరి చలికి అది పైపులో మైనంలా గడ్డకట్టింది. మూడో రోజుకి గిన్నెలు కడిగిన నీళ్ళు వెనక్కి పొంగాయి. ప్లంబర్ బిల్లు ఇంటి ఓనరు మా నెత్తిన వేస్తే, అరిసెలు తిన్న ముగ్గురం పంచుకున్నాం. 2017లో లండన్ వైట్‌చాపెల్ దగ్గర మురుగు కాలవలో 250 మీటర్ల పొడవు, 130 టన్నుల కొవ్వు గడ్డ దొరికింది. ఫ్యాట్‌బర్గ్ అంటారు దాన్ని. ఇళ్ళలో, హోటళ్ళలో సింకుల్లో పోసిన జిడ్డుకి, టాయిలెట్లలో పడేసిన తడి వైప్స్ తోడై అలా రాయిలా మారుతుంది. ఓ ముక్క తీసి మ్యూజియంలో కూడా పెట్టారు. నేనుండేది లండన్ కాదు, అందులో నా నెయ్యి లేదు. అయినా ఆ ఫోటో చూసి కాస్త సిగ్గుపడ్డాను.

కాబట్టి నూనె చల్లారాక పాత సీసాలో పోసి మూత పెట్టండి. సీసా నిండాక కౌన్సిల్ (అంటే అక్కడి మునిసిపాలిటీ) వాళ్ళ రీసైక్లింగ్ సెంటర్‌లో ఇవ్వండి. అక్కడివాళ్ళు దాన్ని 'టిప్' అంటారు. బాండీకి అంటుకున్న జిడ్డుని కాగితంతో తుడిచాకే కడగండి.

ఇక తిండి చెత్త. మన పెరట్లో కుడితి గోలెం గుర్తుందా? బియ్యం కడుగు, కూర తొక్కలు, మిగిలిన అన్నం అన్నీ అందులోకే, సాయంత్రానికి గేదె ముందుకి. అక్కడ గేదె ఉండదు గానీ గోలెం ఉంటుంది. వంటింటి గట్టు మీద మూత ఉన్న చిన్న డబ్బా, బయట దాని పెద్దన్న. 2026 మార్చి 31 కల్లా ఇంగ్లండ్‌లో ఇళ్ళ నుంచి తిండి చెత్తని వారంవారం విడిగా పట్టుకెళ్ళాలని రూలు, కొన్ని కౌన్సిళ్ళకి మాత్రం గడువు ఎక్కువిచ్చారు. వండినదీ, వండనిదీ, కోడి ఎముకలూ, చేప ముళ్ళూ అన్నీ అందులోనే. చాలాచోట్ల దాన్ని పులియబెట్టి గ్యాస్ తీస్తారు. మన గోబర్ గ్యాసే, కాకపోతే ఫ్యాక్టరీ అంత.

"కంపు కొట్టదా?" అని మా చిన్నాన్న కొడుకు. వచ్చే నెల లెస్టర్ వెళ్తున్నాడు, చేప లేనిదే ముద్ద దిగదు. కొడుతుందిరా. పొలుసులు, పొట్టలోవి పాత కాగితంలో చుట్టి ఫ్రీజర్‌లో పడెయ్. చెత్త బండి వచ్చే రోజు పొద్దున్నే తీసి డబ్బాలో వెయ్. కాకపోతే ఫ్రీజర్‌లో ఏ పొట్లం ఏదో రూమ్మేట్‌కి ముందే చెప్పు. చెప్పకపోతే ఏమవుతుందో నేను చూశాను.

చలి గురించి రెండు ముక్కలు. కరెంటు యూనిట్ అక్కడ పాతిక పెన్నీల చుట్టూ ఉంటుంది, గ్యాస్ యూనిట్ దాంట్లో పావు వంతు. రెండు కిలోవాట్ల హీటర్ కొని గదిలో రాత్రంతా పెట్టుకుంటే గంటకి రెండు యూనిట్లు, అంటే అర పౌండు. గ్యాస్ రేడియేటర్ ఉన్న ఇల్లయితే దాన్నే వాడుకోండి. కోటు మాత్రం మంచిది కొనుక్కోండి, అదీ చారిటీ షాపులో. ఎవరో తొడిగి విడిచిన బట్టలా అని మనవాళ్ళు మొహం చిట్లిస్తారు. అన్నయ్య చొక్కాలు తమ్ముడికి తొడిగే ఇళ్ళ నుంచేగా వచ్చాం?

ఇప్పుడు అసలు సంగతి, మా మరదలి సందేహం. మొగుడి దగ్గరికి బర్మింగ్‌హామ్ వెళ్తోంది. పూతరేకులు చుట్టడం వచ్చు, పచ్చళ్ళలో చెయ్యి తిరిగింది. ఇంట్లోంచే శనాదివారాలు టిఫిన్లు అమ్మాలని ఆలోచన. అమ్మా, మొదలుపెట్టడానికి 28 రోజుల ముందు కౌన్సిల్‌లో రిజిస్టర్ చేయించు, ఫీజు లేదు. రెండోది ఎవరూ చెప్పరు: వ్యాపారానికి వండినప్పుడు వచ్చే చెత్త వ్యాపారం చెత్తే. ఇంటి డబ్బాలో వెయ్యకూడదు. దాన్ని పట్టుకెళ్ళడానికి రిజిస్టర్ అయినవాళ్ళని పెట్టుకోవాలి, వాళ్ళిచ్చే కాగితాన్ని రెండేళ్ళు దాచాలి. వేపుడు నూనె తీసుకెళ్ళి బయోడీజిల్ చేసేవాళ్ళూ ఉన్నారు. పదిమంది, అంతకన్నా ఎక్కువ పనివాళ్ళున్న చోట 2025 మార్చి 31 నుంచే తిండి చెత్త వేరు చెయ్యాలి. నీలాంటి చిన్నవాళ్ళకి 2027 మార్చి 31 దాకా గడువుంది. అప్పటిదాకా ఆగకు. రోజూ చెత్త తూకం చూస్తే ఏ కూర ఎక్కువ వండుతున్నావో నీకే తెలుస్తుంది. సాంబారు మిగిలిందంటే డబ్బు మిగల్లేదన్నమాట.

ప్యాకింగ్ దగ్గర మనవాళ్ళు తడబడతారు. థర్మోకోల్ డబ్బాలు, ప్లాస్టిక్ చెంచాలు ఇంగ్లండ్‌లో 2023 అక్టోబర్ 1 నుంచి నిషేధం. దాంతో 'కంపోస్టబుల్' అని రాసిన డబ్బాలు రెట్టింపు ధరకి కొంటారు. చాలా కౌన్సిళ్ళు వాటిని తిండి డబ్బాలో తీసుకోవు, చివరికి మామూలు చెత్తలోకే పోతాయి. అరిటాకుల్లో పెడితే బావుంటుంది, నిజమే. విమానమెక్కి వచ్చిన అరిటాకు పర్యావరణానికి ఎంత మంచిదో నువ్వే ఆలోచించు. అక్కడ మేముండే ఊళ్ళో టిఫిన్లు అమ్మే ఓ జంట స్టీలు క్యారియర్లు వాడతారు. మొదటిసారి పది పౌండ్లు డిపాజిట్, ఖాళీ క్యారియర్ కడిగి తెస్తేనే నిండింది చేతికిస్తారు. డిపాజిట్ పోతుందని కాదుగానీ, క్యారియర్ ఇంట్లో ఉంటే తిరిగివ్వాలన్న గుర్తుతో మళ్ళీ ఆర్డర్ పెడతారట. వాళ్ళ దగ్గర జనం పెరిగింది అలాగే.

అన్నట్టు, మొన్న అక్కడ గార్డెన్ సెంటర్‌లో కొత్తిమీర కుండీకని నాలుగు పౌండ్లు పెట్టి ఓ ఇటుక కొన్నాను. నీళ్ళు పోసి చూస్తే కొబ్బరి పొట్టు! ఇక్కడ పీచు మిల్లుల పక్కన గుట్టలుగా పడుంటుంది. ఈ మాట చెప్పగానే మరదలు క్యారియర్ల లెక్క వదిలేసి, సూట్‌కేసులో ఎన్ని కిలోల దాకా పడుతుందని అడిగింది.

వద్దే తల్లీ, పచ్చడి జాడీలకే చోటు లేదు. నెయ్యి కూడా పెట్టకు, ఇక్కణ్ణుంచి పాల పదార్థాలు అక్కడికి తీసుకెళ్ళనివ్వరు.

"మరి పూతరేకులు?" అంది.

నెయ్యి అక్కడ కొనుక్కుని చుట్టుకో. రేకులు పొడిగా పట్టుకెళ్ళు, విరక్కుండా స్టీలు క్యారియర్‌లో.