లాభాల వాటాతో పాఠం మొదలుపెట్టండి

ప్రశ్న: డిగ్రీ విద్యార్థులకు మానవ వనరుల నిర్వహణ బోధిస్తున్నాను. జీతాలు, బోనస్‌ల పాఠంలో నిర్వచనాలు కంఠస్థం చేసి రాస్తున్నారే తప్ప, ప్రతిఫలంలోని న్యాయాన్యాయాలు పని మీద ఆసక్తిని ఎలా మారుస్తాయో వారికి పట్టడం లేదు. ఏం చేయమంటారు?
– ఒక అధ్యాపకురాలు, గోదావరిఖని

జవాబు: గోదావరిఖనిలో ఉండి మీరు ఈ ప్రశ్న అడగడం చూస్తే, చంకలో బిడ్డను పెట్టుకొని ఊరంతా వెదికిన సామెత గుర్తొచ్చింది. దసరా దగ్గరపడుతుంటే సింగరేణి బొగ్గు గనుల లాభాల వాటా గురించి మీ విద్యార్థుల ఇళ్లలోనే చర్చ జరుగుతుంది కదా! ఆ వాటాను అందరికీ సమానంగా పంచరు. చేసిన మస్టర్లను, అంటే హాజరైన పనిదినాలను లెక్కగట్టి, భూగర్భ గనిలో చేసిన మస్టరుకు ఓపెన్‌కాస్టులో (పైనుంచి తవ్వే గనిలో) కన్నా, గని బయట ఉపరితలంలో కన్నా ఎక్కువ రేటు ఇస్తారు. ఈ తేడా న్యాయమేనా అని విద్యార్థులనే అడగండి. కింద ప్రమాదం ఎక్కువ కాబట్టి న్యాయమేనని చాలామంది ఒప్పుకుంటారు.

అప్పుడు 2024 నాటి లెక్క బోర్డు మీద రాయండి. ఆ ఏడాది శాశ్వత ఉద్యోగికి సగటున 1.90 లక్షల రూపాయలు రాగా, కాంట్రాక్టు కార్మికులకు తొలిసారిగా తలా 5,000 రూపాయలు ప్రకటించారు. అసలు రానిదానికన్నా నయమని కొందరు, ఒకే గనిలో ఇంత తేడానా అని కొందరు వాదులాడుకుంటారు. మనస్తత్వవేత్త జె. స్టేసీ ఆడమ్స్ 1963లో ప్రతిపాదించిన సమన్యాయ సిద్ధాంతం సరిగ్గా ఈ వాదన గురించే: మనిషి తన శ్రమకు దక్కినదాన్ని పక్కవాడి శ్రమకు దక్కినదానితో పోల్చుకుంటాడు, లెక్క కుదరలేదనిపిస్తే పని తగ్గిస్తాడు, ఎక్కువ ఇమ్మంటాడు, చివరికి ఉద్యోగమే మానేస్తాడు.

చట్టప్రకారం వచ్చే బోనస్‌ను ఈ లాభాల వాటాతో కలపకండి. చట్టం నిర్ణయించిన 8.33 శాతం కనీస బోనస్‌ను, అంటే ఏడాది జీతంలో పన్నెండో వంతును, సంస్థకు నష్టం వచ్చినా ఇవ్వాలి. అందుకే అది వచ్చినందుకు ఎవరూ మరింత కష్టపడరు, రాకపోతే మాత్రం ఊరుకోరు.

ఆ తర్వాత నలుగురేసి చేసే ఒక ప్రాజెక్టు ఇచ్చి, బహుమతిగా కొన్ని చాక్లెట్లు పెట్టండి. సగం జట్లు పంపకం నియమాన్ని పనికి ముందే రాసుకోవాలి, మిగతావి పని అయ్యాక తేల్చుకోవాలి. మార్కులతో మాత్రం ఈ ఆట వద్దు, నిజమైన మనస్తాపం మిగులుతుంది. ముందే నియమం పెట్టుకున్న జట్టులో తక్కువ దక్కినవాడు కూడా పెద్దగా గొణగకపోవడం నేను చాలాసార్లు చూశాను.

ఇక పరీక్షలో నిర్వచనం అడగకండి. ఒక సంస్థ వాటాల పట్టిక ఇచ్చి, అందులో ఎవరు, ఎవరితో పోల్చుకొని అసంతృప్తి పడతారో రాయమనండి.