శరణార్థుల కోసం పనిచేస్తానంటోంది, ఏం చదివించాలి?

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ రెండో సంవత్సరం, హెచ్‌ఈసీ. యుద్ధాల వల్ల ఇల్లూ ఊరూ వదిలి పారిపోయిన అల్పసంఖ్యాక వర్గాల హక్కుల కోసం పనిచేస్తానంటోంది. అది సేవ అవుతుంది గానీ ఉద్యోగం ఎలా అవుతుంది? దానికంటూ ఒక చదువు ఉందా?
- ఒక తండ్రి, మలక్‌పేట

జవాబు: ఉద్యోగమేనండీ, జీతమిచ్చి చేయించే పనే. కాకపోతే ‘మానవ హక్కుల కోర్సు’ కోసం వెతకడంతో మొదలుపెట్టకండి. ఈ రంగంలో మనిషి జాలిగుణం చూసి తీసుకోరు, ఏ పని వచ్చో అడుగుతారు. న్యాయవాదులు, దుభాషులు, నర్సులు, లెక్కలు రాయగలిగినవారు కావాలి.

పని ఎలా ఉంటుందో చెబుతాను. మీకు బాలాపూర్ దూరమేమీ కాదు. అక్కడ మయన్మార్ నుంచి వచ్చిన రోహింగ్యా (అక్కడి ముస్లిం అల్పసంఖ్యాక వర్గం) కుటుంబాలు ఏళ్ల తరబడి ఉంటున్నాయి. మయన్మార్ 1982 పౌరసత్వ చట్టం వీళ్లను పుట్టిన గడ్డ మీదే పరాయివాళ్లను చేసింది. 2017 ఆగస్టు తర్వాత ఏడు లక్షల మందికి పైగా బంగ్లాదేశ్‌కు పారిపోయారు. అలా వచ్చిన మనిషి ముందు ఒక ఫారం పెడతారు. అందులో ‘ఇంటిపేరు’ అని ఒక గడి. మనకు ఇంటిపేరు లేకుండా రోజు గడవదు, వాళ్లలో చాలామందికి అసలు ఇంటిపేరే ఉండదు. ఆ గడిలో ఒక్కొక్కరు ఒక్కోటి రాస్తే, తండ్రీ కొడుకులు కాగితం మీద వేరే కుటుంబాలైపోతారు. వాళ్ల భాష చిట్టగాంగ్ యాసకు దగ్గరే కానీ అదే కాదు. దుభాషి తడబడితే, చెప్పుకునే మనిషే మాట మార్చారని రాసుకుంటారు. అత్యాచారం గురించి మగ దుభాషి ముందు నోరు విప్పలేని ఆడమనిషి ఏమీ జరగలేదనే చెప్పి వెళ్లిపోతుంది. ఈ పనిలో ‘హక్కుల రక్షణ’ అంటే చాలావరకు ఇదే.

ఇంకో సంగతి. శరణార్థుల్లోనూ అల్పసంఖ్యాకులుంటారు. 2017లో పారిపోయినవారిలో హిందూ కుటుంబాలూ ఉన్నాయి. శిబిరంలో మనిషికి రోజుకు 15 లీటర్ల నీళ్లు, 20 మందికి ఒక మరుగుదొడ్డి ఉండాలని సహాయ సంస్థల ప్రమాణం. సగటు లెక్క సరిపోతుంది, కానీ కొళాయి దగ్గర వరసలో ఎప్పుడూ చివరికి నెట్టేసేది ఎవరినో ఆ లెక్కలో కనిపించదు.

చదువు విషయంలో నా ఓటు న్యాయశాస్త్రానికి. మన దేశం 1951 ఐక్యరాజ్యసమితి శరణార్థుల ఒప్పందంపై గానీ, దాన్ని విస్తరించిన 1967 ప్రోటోకాల్‌పై గానీ సంతకం చేయలేదు. శరణార్థులకంటూ ఇక్కడ ప్రత్యేక చట్టం లేదు. వాదన రాజ్యాంగం నుంచి లాగాలి. అరుణాచల్‌ప్రదేశ్‌లోని చక్మాల (ఇప్పటి బంగ్లాదేశ్ ప్రాంతం నుంచి శరణు కోరి వచ్చినవారు) కేసులో 1996లో సుప్రీంకోర్టు, పౌరులు కానివారికీ 21వ అధికరణ కింద ప్రాణరక్షణ ఉందని చెప్పింది. ఆ తీర్పు మీ అమ్మాయి చేత ఒకసారి చదివించండి. ఆసక్తి నిజమైనదో కాదో అక్కడే తేలిపోతుంది. శామీర్‌పేటలోని న్యాయ విశ్వవిద్యాలయం నల్సార్‌లో అయిదేళ్ల లా కోర్సుకు క్లాట్ అనే జాతీయ ప్రవేశ పరీక్ష రాయాలి. ఆ పరీక్ష ఇంగ్లిషులోనే. ఆ సీటు రాకపోతే రాష్ట్రంలోని లా కాలేజీల ప్రవేశ పరీక్ష లాసెట్ ఉంది. న్యాయం వద్దంటే తార్నాకలోని భాషల విశ్వవిద్యాలయం ఇఫ్లూలో అరబిక్ గానీ ఫ్రెంచ్ గానీ చదవవచ్చు. ఉర్దూ ఇంట్లోనో వీధిలోనో అబ్బి ఉంటే అదీ ఆస్తే.

డబ్బు సంగతి దాచను. మొదట్లో ఏడాదికో, ఆర్నెల్లకో కుదుర్చుకునే ఉద్యోగాలే ఎక్కువ. నిధులు ఆగితే పనీ ఆగుతుంది. అందుకే లా డిగ్రీ అంటున్నాను, కోర్టు ఎక్కడికీ పోదు.

ఈ వేసవిలో మాత్రం బాలాపూర్ బస్తీకి తీసుకెళ్లి చూపించకండి, ఫొటోలు దిగి రావడానికి అది ప్రదర్శనశాల కాదు. మీ వీధిలోని మీసేవ కేంద్రం దగ్గర, చదువురాని పెద్దవాళ్లకు దరఖాస్తులు నింపిపెట్టమనండి, రోజుకు రెండు గంటలు. మొదటి వారానికే విసుగొస్తే మళ్లీ రాయండి, వేరే దారి చూద్దాం.